మోగని కుడిపక్క

మొన్న నాకు దగ్గు పట్టి విడవకపోతే మనవడు ఛాతీకి ఎక్స్‌రే తీయించి, ఆ నల్లని రేకును కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి ఇంటిల్లిపాదికీ చూపించాడు. నా లోపల చూడదగ్గదేమీ లేదని అందరూ ఒప్పుకున్నారు. నా యీడువాళ్లకు చెబితే అర్థమవుతుంది, మా కాలంలో రొమ్మును చూసేవాళ్లు కాదు, వినేవాళ్లు.

అవి యుద్ధం రోజులు. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే మా నాయనకు జ్వరమూ ఆయాసమూ ముదిరితే, అక్కా నేనూ ఆయన్ను, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సులో నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయాం. శిరివెళ్ల చేరేసరికి నాయనకంటే బస్సే ఎక్కువ దగ్గింది. డాక్టరు నాయన వీపు మీద ఒక వేలు ఆనించి, రెండో చేతి వేలితో దాని మీద తట్టాడు. ఎడమపక్క మోగింది. కుడిపక్క దబ్బుమంది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందని, సూదితో తీస్తామని ఆయన చెబుతూనే ఉన్నాడు, నాయన వింటేనా. నలభై ఏళ్లుగా సుత్తితో తట్టి, ఖంగుమన్న రాయిని ఉంచుకుని, మోగనిదాన్ని లోపల పగులుందని అవతల పారేసిన మనిషి, తన తీర్పు తానే చెప్పేసుకున్నాడు.

"ఈ రాయి పగిలిందమ్మీ. ఊరికి తీస్కపోండి," అని అక్కతో అని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. గంజి కూడా ముట్టలేదు.

అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకు ఏడుపు రాక నోరు వచ్చింది. "తప్పెట తడిస్తే యాడ మోగుతాది నాయనా? నీళ్లు తియ్యనీ ముందు."

రాయికీ తప్పెటకూ తేడా తెలియని మొద్దు తనకు పుట్టాడని తిట్టడానికి నాయన లేచి కూర్చున్నాడు. ఎటూ లేచాడు గనక గంజి తాగించాం.

నీరు తీశారు, అణిగిన ఊపిరితిత్తి మళ్లీ విచ్చుకోవడానికి కొన్నాళ్లు పడుతుందన్నారు. అసలు చిక్కు అక్కతో వచ్చింది. తిండీ నిద్రా మాని, గంటకోసారి నాయన వీపు తట్టి, మోగలేదని కుమిలిపోయేది. మూడోనాడు మెట్ల మీద తూలింది కూడా. తను పడితే మొయ్యడం నా చేత కాదని, పోయి తిని వస్తే అంతవరకూ నేను తడతానని చెప్పాను.

"నీ చెవికి తెలీదురా," అంది.

"నీ చెవి మూడు దినాల్నుంచి పస్తుండాది. దానికి మాత్రం ఏం తెలుస్తాది?"

అక్క తింది, పొద్దువాలేదాకా పడుకుంది. లేచి వచ్చి తట్టింది, మళ్లీ తట్టింది. ఖంగుమనలేదు గానీ, మోగింది.

నాయన కూడా విన్నాడు. "చిన్న బొమ్మలకు పనికొస్తాదిలే," అన్నాడు.



ఆ తర్వాత నాయన చిన్న విగ్రహాలే చెక్కాడు, చాలా ఏళ్లే చెక్కాడు. ఇప్పుడు వైద్యం మెరుగైంది, కాదనను. మంచంలో ఉన్న మనిషిని నలుగురు చూస్తున్నారు. మంచం పక్కన కూర్చున్న మనిషిని తిన్నావా అని అడగడం మాత్రం ఎందుకో ఎవరి పనీ కాకుండా పోయింది. ఆనాడు అక్క చేతిలో జొన్నరొట్టె పెట్టింది పక్కమంచం రోగి భార్య, గోస్పాడు నుంచి వచ్చిన ఒక అవ్వ. మేము ఎవరమని కూడా అడగలేదు, రొట్టె అయిపోయేదాకా అక్క ఎదుటనుంచి కదలలేదు.