వెల్డా స్టీరింగ్ పట్టిన వారం

ఆర్వల్ కంటి డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన సాయంత్రమే కబురు పార్కంతా పాకింది. చూపు మధ్యలో మచ్చలు పెద్దవయ్యాయట, ఇక బండి ముట్టుకోవద్దన్నారట. సోమవారం అతని భార్య వెల్డా పార్కులోని బట్టలుతికే గదిలో దుప్పట్లు ఉతుకుతుంటే వచ్చిన ఆడవాళ్ళంతా ఆమె భుజం నిమిరి వెళ్ళారు, ఇంట్లో ఎవరో పోయినట్టు. ఆ చేతులే ఆమెకు ఒళ్ళు మండించాయి.

యూమా ఊరి శివార్లలో, ఇల్లులాంటి బండ్లు నిలుపుకుని ఉండే ఆ ఆర్వీ పార్కులో చలికాలమంతా గడిపి, ఎండలు ముదరకముందే ఎవరి బండిలో వాళ్ళు ఉత్తరానికి వెళ్ళిపోవడం అక్కడి ముసలాళ్ళ బతుకు. నార్త్ డకోటాలో ఇల్లు అమ్మేశాక ఆర్వల్, వెల్డాలకు బస్సంత ఆ బండే ఇల్లు. పొయ్యీ, మంచమూ, ఆమె కుట్టుకున్న తెరలూ అన్నీ అందులోనే. మామూలు కారు వెల్డాకూ వచ్చు కానీ, ఈ బండి నడిపింది మాత్రం ఎప్పుడూ ఆర్వలే. నేర్పుతానని అతను అనలేదు, నేర్పమని ఆమె అడగలేదు.

మంగళవారం పొద్దున హాల్లో అందరితో కలిసి పాన్‌కేకులు తింటూ ఆర్వల్ మాట కదిపాడు.

"లైమన్ మేనల్లుడు బండి కొంటానంటున్నాడు. మనం ఇక్కడే ఒక రేకుల ఇల్లు చూసుకుందాం."

"జూలైలో ఇక్కడ తొండలే నీడ వెతుక్కుంటాయి. నేనుండను."

"మరి ఎవరు నడుపుతారు?"

"నేను."

ఆర్వల్ ఫోర్కు కింద పెట్టాడు. "నువ్వు ఆ బండి నడుపుతుంటే నేను చూడలేను వెల్డా."

"నీకెలాగూ కనపడదుగా."

పక్క బల్లవాళ్ళు నమలడం ఆపేశారు. ఆర్వల్ పొట్ట పట్టుకుని నవ్వాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాక అతను నవ్వడం అదే మొదలు.

బుధవారం మగవాళ్ళ క్షవరాల రోజు. వెల్డా సొంతూళ్ళో సెలూన్ నడిపిన మనిషి. ఇక్కడ బండి పక్క గుడారపు నీడలో కుర్చీ వేసి కత్తిరిస్తుంది. లైమన్ వచ్చి కూర్చున్నాడు. హైవే పోలీసుగా చేసి రిటైరైనవాడు, అడగకుండానే పార్కుకు పెద్దదిక్కైనవాడు.

"ఇది జుట్టు కాదమ్మా, తేడా వస్తే మళ్ళీ మొలవడానికి. అంత పొడుగు బండి," అన్నాడు.

"తల కదపకు."

"నీ మంచికే చెప్తున్నా."

"నా మంచి కోరేవాళ్ళు ఈ వారం మరీ ఎక్కువయ్యారు. చెవి దగ్గరున్నాను లైమన్, కదలకు."

అతను మిగతా క్షవరమంతా కదల్లేదు, మెదల్లేదు.

గురువారం ఊరవతల సంత మైదానం ఖాళీగా ఉంటే దారిలో జనం లేని పొద్దున్నే ఆమె చేతే మెల్లగా బండిని అక్కడికి తోలించాడు ఆర్వల్. స్టీరింగ్ ముందు సీట్లో దిండు వేసుకుని కూర్చుంది వెల్డా. అతను పక్క సీట్లో ఇంజను చప్పుడు వింటూ, "ఇప్పుడు వదులు, ఇప్పుడు తిప్పు," అని చెబుతూ పోయాడు. మధ్యాహ్నానికి చొక్కా వీపుకి అతుక్కుపోయినా మలుపులు దారికొచ్చాయి.

తిరిగొచ్చి బండిని వెనక్కి నడిపి తమ చోటులో పెట్టాలి. ఎవరు బండి వెనక్కి పెడుతున్నా కుర్చీలు తెచ్చుకుని చూడటం ఆ పార్కు మగవాళ్ళ సరదా. ఆరోజు జనం ఎక్కువే చేరారు. వెల్డా అద్దంలో చూసింది, తిప్పింది, ఇంకాస్త తిప్పింది. బండి వెనక తగిలి ఫట్‌మని కుళాయి గొట్టం విరిగి నీళ్ళు పైకి చిమ్మాయి.

లైమన్ పరుగున వచ్చి చెయ్యి చాచాడు. "తాళాలియ్యి. నేను పెడతాను."

వెల్డా బండి దిగి, తడుస్తూనే అతని కుర్చీ వైపు వేలు చూపించింది. "విరిగింది మా కుళాయి. నువ్వెళ్ళి కూర్చో."

వాల్వు ఆమే కట్టేసింది. గొట్టం మాత్రం ఆర్వల్ బాగుచేశాడు, మోకాళ్ళ మీద కూర్చుని, వేళ్ళతో తడుముకుంటూ. ఇద్దరు ముగ్గురు సాయం వస్తే, "మా ఆవిడ విరగ్గొట్టింది, నేను అతికిస్తాను. మధ్యలో మీరెందుకు?" అన్నాడు. ఆ మాట కిటికీలోంచి విన్న వెల్డా వంటగట్టు మీద అతనికి కాఫీ కలిపింది.

శుక్రవారం అందరూ తలా ఒక వంట తెచ్చుకుని తినే విందు. అక్కడ లైమన్ లేచి, తన మేనల్లుడే వీళ్ళను ఉత్తరాన దించి వస్తాడని ప్రకటించాడు. చప్పట్లు కూడా పడ్డాయి. వెల్డా బంగాళాదుంపల గిన్నె బల్ల మీద పెట్టి అంది:

"దయకు సంతోషం. మేం సోమవారం బయల్దేరుతున్నాం. నడిపేది నేను."

మిగిలిన రెండు రోజులూ మైదానంలోనే గడిచాయి. ఆదివారం బండిని మళ్ళీ వెనక్కి పెట్టింది. దేనికీ తగల్లేదు కానీ వంకరగా వచ్చింది. సరిచెయ్యమని ఎవరో అరిస్తే, "నాకు బానే ఉంది," అని ఇంజను ఆపేసింది.

సోమవారం ఎండెక్కకముందే హైవే ఎక్కారు. పెద్ద లారీ ఒకటి దాటిపోతే గాలికి బండి ఊగింది, ఆమె స్టీరింగ్ బిగించి పట్టుకుంది. ఆర్వల్ ఒళ్ళో శాండ్‌విచ్ పొట్లం విప్పి, తడుముకుంటూ ఆమె నోటికందించాడు. వెనక కార్లు బారు కట్టి హారన్లు మోగించాయి.

"నెమ్మదిగా పోతున్నామా?" అడిగాడు.

"అవును," అంది నములుతూ. "మోగించుకోనీ."