పద్నాలుగు సంతకాల చొక్కా

మా బావకి ఒకచోట కూర్చోవడం చేతకాదు. భోజనం మధ్యలో లేచి వెళ్ళి వీధి తలుపు గడియ చూసి వస్తాడు. ఒక చెంప మీద గడ్డం నురగ అలాగే ఉండగా గుమ్మంలోకి వచ్చి పేపరు వేసే వాడితో వాదన పెట్టుకుంటాడు. "ఈయన్ని కుర్చీకి కట్టేస్తే కుర్చీతో సహా తిరుగుతారు" అంటుంది మా అక్క. తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే బల్ల దగ్గర నిలబడి చేసే పని కాబట్టి ముప్పై ఏళ్ళు నెగ్గుకొచ్చాడు గానీ, కూర్చుని చేసేదైతే మొదటి వారమే మానేసేవాడని నా నమ్మకం.

ఉద్యోగం కాక ఆయనకి ఇంకో పని ఉంది. ఫుట్‌బాల్ జట్లు సంతకాలు చేసిన బంతులు, జెర్సీలు, ఫోటోలు, చిరిగిన టికెట్లు పోగుచేసే పిచ్చివాళ్ళు మీరు అనుకునేదానికంటే చాలామంది ఉన్నారు. వాళ్ళు కొన్న వస్తువు మీది సంతకం అసలుదా, ఎవడో ఇంట్లో కూర్చుని గీకిందా అని తేల్చేవాడు మా బావ. అందుకే అందరూ ఆయన్ని భూతద్దం అంటారు. మా కొట్టు వెనక గదిలో ఆయన చూస్తాడు, ముందు గదిలో నేను ఫ్రేములు కడతాను. ఆయన 'అసలుదే' అని సర్టిఫికెట్టు రాస్తే, దాన్ని వస్తువు పక్కనే పెట్టి అద్దం బిగించేది నేను. కాబట్టి ఈ కథలో నేను ఏ పాపం ఎరగనివాణ్ణని మాత్రం అనుకోకండి.

జట్టంతా సంతకం చేసిన వస్తువు ఏది తెచ్చినా బావ ముందు అక్షరాలు చూడడు. దాన్ని బల్ల మీద పెట్టి చుట్టూ తిప్పుతాడు. అంతమంది ఒకే వైపు నుంచి సంతకం చెయ్యరు. ఒకడు పక్కనుంచి చేస్తాడు, ఒకడు ఇంకొకడి భుజం మీదుగా వంగి చేస్తాడు, తొందరలో ఉన్నవాడు పక్కవాడి పేరు మీదికి ఎక్కిస్తాడు, ఆఖరివాడికి చోటు దొరక్క మూలన ఇరికిస్తాడు. "తిప్పకుండా చదవగలిగావంటే అది ఒక్కడి పనేరా" అని నాకు వందసార్లు చెప్పి ఉంటాడు. ఆ తర్వాతే తన నమూనా పుస్తకం తీసి అక్షరాలు పోలుస్తాడు.

ఆ పుస్తకం సంగతి చెప్పాలి. బావకి పదకొండేళ్ళప్పుడు మా ఊరి జట్టు మొదటిసారి కప్పు గెలిచింది. వానలో తడుస్తూ స్టేడియం గేటు దగ్గర నిలబడి, ఆటగాళ్ళ బూట్లు మోసే ఆయన చేతికి తన చిన్న నోటుబుక్కు ఇచ్చాడట. అరగంటకి అది పదకొండు సంతకాలతో తిరిగి వచ్చింది. ఆ జట్టు సంతకాలు ఒక్కచోట అన్నీ ఉన్నది ఆయన దగ్గరే. నలభై ఏడేళ్ళుగా ఆ జట్టు వస్తువు ఏది బయటపడినా దీనితోనే పోల్చేవాడు. అక్క కూడా ఆ పుస్తకం ముట్టుకోవడానికి వీల్లేదు.

పోయిన వానాకాలంలో డెబ్భై దాటిన ఒకావిడ గుడ్డసంచితో కొట్టుకి వచ్చింది. అప్పటి జట్టు గోల్‌కీపర్ భార్య. ఆయన పోయి రెండేళ్ళయిందట. సంచిలోంచి పచ్చబారిన తెల్ల నూలు జెర్సీ తీసి బల్ల మీద పరిచింది. దాని నిండా బాల్ పెన్నుతో చేసిన సంతకాలు, మొత్తం పద్నాలుగు.

"క్లబ్బువాళ్ళు పాత జట్టు వస్తువులతో ఒక గది తెరుస్తున్నారు. మీ కాగితం ఉంటే ఇదీ పెడతామన్నారు" అంది. ఆగి, తనే చెప్పుకొచ్చింది. "కప్పు గెలిచిన మరుసటేడు ఫైనల్లో ఆయన చేతుల్లోంచి బంతి జారి గోల్ పడింది. ఊరంతా తిట్టిపోసింది. మా కిటికీ అద్దాలు పగలగొట్టారు. ఆయన మళ్ళీ ఆడలేదు. కానీ జట్టులో ఒక్కరు కూడా తనని పల్లెత్తు మాట అనలేదనీ, ఆ రోజే అదనపు ఆటగాళ్ళతో సహా అందరూ కలిసి ఒంటి మీది చొక్కా విప్పించి సంతకాలు చేసి ఇచ్చారనీ చెప్పేవారు. బతికున్నన్నాళ్ళూ ఆయనకి ఇదే ధైర్యం."

బావ జెర్సీని తిప్పాడు. నమూనా పుస్తకం తెరిచాడు. భూతద్దం అటూ ఇటూ మార్చి మార్చి చూశాడు. బల్ల కింద ఆయన కాలు ఊగుతూనే ఉంది.

"ఇవి వాళ్ళ సంతకాలు కావమ్మా."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటీ కలవట్లేదు."

"మరి ఎవరు చేశారంటారు?"

అక్కడ ఊరుకుంటే పోయేది. బావ లేచి నిలబడి, "ఇంట్లో మనిషే చేసి ఉంటారమ్మా. మనసు బాగోలేనప్పుడు చేసుకున్నవి. ఇలాంటివి ఇంతకుముందూ చూశాను" అన్నాడు. ఓదారుస్తున్నాననే అనుకున్నాడు. ఆవిడ చొక్కా మడతపెట్టి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. నేను అంతా వింటూనే తల వంచుకుని మేకులు కొట్టుకుంటూ కూర్చున్నాను.

ఆ రోజు నుంచి బావ కాలుగాలిన పిల్లి అయిపోయాడు. వెనక గదిలోంచి ముందు గదికి, ముందు గదిలోంచి వీధిలోకి, మళ్ళీ లోపలికి. నేను అద్దం కోస్తుంటే వెనకాలే నిలబడి ఊపిరి వదిలేవాడు. రెండుసార్లు నా గీత వంకర పోయింది, అద్దం వేస్టు.

"పద్నాలుగూ పద్నాలుగు దిక్కుల్లో ఉన్నాయిరా" అనేవాడు. "దొంగచాటుగా చేసుకునేవాడు చొక్కాని అన్నిసార్లు తిప్పుతాడా?"

"తిప్పాడేమో. నీలాంటి కాలు నిలవని మనిషేమో."

"కానీ అక్షరాలు కలవట్లేదే!"

పది రోజులు ఇదే పాట. పదకొండో రోజు నాకు ఒళ్ళు మండింది. నాకు ముక్కు మీదే కోపం. ఆయన బయటికి వెళ్ళి లోపలికి వచ్చేలోగా ఆ నమూనా పుస్తకం తీసి కూర్చున్నాను. రాగానే, "నీ జట్టే నయం బావా, ఎంత బుద్ధిమంతులు! మాస్టారు బెత్తం పట్టుకుని వరుసలో నిలబెట్టి రాయించినట్టు, ఒకడి పేరు ఇంకొకడిది తగలకుండా ఎంత కుదురుగా చేశారో" అని ఎగతాళి చేశాను.

బావ పుస్తకం లాక్కున్నాడు. తిప్పడానికి చెయ్యి ఎత్తాడు. తిప్పడానికి అక్కడ ఏమీ లేదు. పదకొండు పేర్లూ ఒకే వైపు నుంచి, ఒకే వాలుతో, ఒకే పెన్నుతో చక్కగా చదువుకోవచ్చు. ప్రపంచంలో ప్రతి వస్తువునీ తిప్పి చూసిన మనిషి ఆ ఒక్క పుస్తకాన్నీ నలభై ఏడేళ్ళలో ఒక్కసారీ తిప్పలేదు. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఎందుకు నోరు జారానా అని నాకే అనిపించింది.

బూట్లు మోసే ఆయన ఇంకా ఉన్నాడు. తొంభై దగ్గర పడ్డాయి. కూతురి దగ్గర మూడో అంతస్తులో ఉంటున్నాడని విని ఆ పూటే వెళ్ళాం. బావ మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. తాత పుస్తకం చూసి బోసినోటితో నవ్వాడు.

"నాదేగా! వాళ్ళకెక్కడ తీరిక నాయనా? స్నానాలు, డాక్టరు, పేపర్లవాళ్ళు. బయటేమో పిల్లలు వానలో వణుకుతూ నిలబడేవాళ్ళు. ఒట్టి చేతుల్తో ఎలా పంపను? పుస్తకాలన్నీ నేనే చేసేవాణ్ణి. క్లబ్బు పంచిపెట్టే బంతులూ చేతిలో అటూ ఇటూ తిప్పుతూ నేనే చేసేవాణ్ణి." పెన్ను అడిగి తీసుకుని, "ఎవరిది కావాలి? కెప్టెన్‌దా?" అని పేపరు అంచున చేసి చూపించాడు. చెయ్యి వణికింది గానీ వాలు మాత్రం అదే.

బావ వెంటనే అర్థం చేసుకున్నాడు. ఆ జట్టు వస్తువుల్లో ఇన్నేళ్ళుగా తను 'అసలుదే' అన్నవన్నీ ఈ తాత చేతివి. పుస్తకంతో కలిశాయంటే కలవకేం చేస్తాయి! ఆటగాళ్ళు నిజంగా చేసినవి వచ్చిన ప్రతిసారీ నకిలీ అని తిప్పి పంపేశాడు.

"మరి ఆ ఫైనల్ రోజు గోల్‌కీపర్ చొక్కా?" అని అడిగాడు.

"అదా! నేల మీద పరిచింది నేనే. దాని మీద నన్ను చెయ్యమనలేదు. అందరూ చుట్టూ మోకాళ్ళ మీద కూర్చుని వాళ్ళే చేశారు. పెన్ను ఒక్కటే ఉంది, దానికోసం తోసుకున్నారు. ఆయన గోడవైపు తిరిగి ఏడుస్తూ ఉన్నాడు పాపం."

కిందికి దిగాక వీధిలో నేను బావ చెయ్యి పట్టుకుని ఆపాను. ఇప్పుడు తలుచుకుంటే తల కొట్టేసినట్టుంటుంది గానీ, ఆ మాట నేనే అన్నాను. "బావా, ఇది మనిద్దరి మధ్యే ఉండనీ. తాత ఇవాళో రేపో. నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెప్పావంటే నీ పేరూ పోతుంది, నా కొట్టూ పోతుంది."

"అదంతా తర్వాత" అన్నాడు, నడుస్తూనే. "ముందు ఆవిడ ఇల్లెక్కడో కనుక్కో."

కనుక్కోవడానికి ఇంకో ఐదు రోజులు పట్టింది. ఆ ఐదు రోజులూ బావ ఆ జట్టు వస్తువులకి సర్టిఫికెట్టు ఇచ్చినవాళ్ళందరికీ ఉత్తరాలు రాస్తూ, ఒక్కో ఉత్తరానికీ లేచి ఇల్లంతా తిరుగుతూ గడిపాడు. అక్క కవర్లు అంటించి పెట్టింది.

ఆవిడ తలుపు తీసింది. గుర్తుపట్టింది. కూర్చోమంది. బావ కూర్చోకుండానే, ముందూ వెనకా లేకుండా జరిగిందంతా చెప్పేశాడు. "అవి అసలువేనమ్మా. పద్నాలుగూ అసలువే. తప్పు నా పుస్తకానిది, నాది. మీ ఆయన నిజమే చెప్పారు."

ఆవిడ లోపలికి వెళ్ళి చొక్కా తెచ్చి బల్ల మీద పెట్టింది. మల్లెపువ్వులా తెల్లగా ఉంది. ఇస్త్రీ మడత కూడా చెడలేదు. దాని మీద ఒక్క గీత లేదు.

"నకిలీ అన్నారుగా" అంది. "బ్లీచింగ్ నీళ్ళలో రెండు రోజులు నానబెట్టి ఉతికేశాను. పాపం ఒక్కడూ కూర్చుని అందరి పేర్లూ తనే రాసుకున్నాడని తలుచుకుంటే నాకు దాన్ని చూడబుద్ధి కాలేదు. ముందు జాలేసింది. తర్వాత కోపం వచ్చింది, ఇన్నేళ్ళు నాతో అబద్ధం చెప్పాడని. రోజూ ఆయన ఫోటోతో నాలుగు మాటలు చెప్పుకునేదాన్ని. పదహారు రోజులైంది మాట్లాడి."

బావ చొక్కా అందుకున్నాడు. వెలుతురుకి పట్టాడు, ఏటవాలుగా పట్టాడు, భూతద్దం పెట్టి భుజాల కుట్లు, మెడ అంచు, లోపలి వైపు వెతికాడు. ఎంతకీ వదలడు. నేనే భూతద్దం లాగేసుకోవాల్సి వచ్చింది. ఆయన ఏడుస్తున్నాడు. నా ఎదురుగా ఆయన ఏడవడం అదే మొదలు.

తర్వాత తన సంచిలోంచి సర్టిఫికెట్టు కాగితం తీసి, గోడకి ఆనించి నిలబడే రాశాడు: ఈ చొక్కా మీద పద్నాలుగు సంతకాలు ఉండేవి. ఫైనల్ ఓడిపోయిన రోజు తోటి ఆటగాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని వాటిని గోల్‌కీపర్ కోసం చేశారు. అవి అసలైనవి. వాటిని నకిలీ అన్నది నేను. చెరిగిపోయింది నా వల్ల.

కింద సంతకం పెట్టి ఇచ్చాడు. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని ప్రతి మాటా చదివింది.

"అంతా బాగానే ఉంది" అంది. "ఈ సంతకం మీదేనని ఎవరు చెప్పాలి?"

ఆవిడ గొంతులో కోపం లేదు, వేళాకోళమూ లేదు. నిజంగానే అడిగింది. బావ నా వైపు చూశాడు. నేను కాగితం తీసుకుని ఆయన పేరు కింద సాక్షిగా నా సంతకం చేశాను.

ఆవిడ ఆ కాగితాన్ని చొక్కా మడతలో పెట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళింది. తలుపు వెయ్యలేదు. వాళ్ళాయన ఫోటో ముందు నిలబడింది. తర్వాత మెల్లిగా, "ఏమండీ" అని పిలిచింది.