వేడెక్కితే ఆగే కారు

ఆ రోజుల్లో నాకో నమ్మకం ఉండేది. ఖరీదైనదీ, పేరు పలకడానికి కష్టమైనదీ అయితే అది మంచి వస్తువే అని. బాపట్లలో ఓ కాలేజీలో ల్యాబు చూసుకునే ఉద్యోగం, తెనాలిలో ఇల్లు, మధ్యలో తిరగడానికి ఓ సెకండ్‌హ్యాండు టర్బో కారు. ఎర్రది. గతుకు కనబడితే నా గుండె జారేంత కిందికి ఉండేది. దానికున్న వేగంలో సగం కూడా మా రోడ్ల మీద ఎప్పుడూ వాడలేదు (ముందు ట్రాక్టరు ఉండేది, లేకపోతే గేదెలుండేవి), అయినా దాన్ని చూసుకుంటే నాకు కడుపు నిండిపోయేది.

దాని బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయి. తెనాలిలో మేమంతా బాబాయి అని పిలిచే మెకానిక్కు చక్రం విప్పి చూసి, "కంపెనీవి మామూలువి వేసేద్దాం, సాయంత్రానికి తీసుకెళ్లు" అన్నాడు. మామూలువా? నా కారుకా? మూడు వారాలు ఫోన్లో తల దూర్చి చదివాను. సిరామిక్కువి చప్పుడు చెయ్యవు, లోహం కలిసినవి గట్టిగా పట్టుకుంటాయి, వీటన్నిటినీ మించి రేసు కార్లకి వేసేవి ఉన్నాయి, అవి ఎంత వేడెక్కితే అంత బాగా ఆపుతాయి. అవే తెప్పించాను. బాబాయి డబ్బా మీద రాసింది నా చేత చదివించుకుని, "వేడెక్కాక ఆపుతాయి సరే, వేడెక్కేదాకానో?" అన్నాడు. "నీకు తెలీదులే బాబాయ్" అన్నాను. ఆయన స్పానరు అందుకుని బిగించేశాడు.

సరిగ్గా ఆ వచ్చిన ఆదివారమే మా మావయ్య రేపల్లె వెళ్లాలి. రేపల్లెలో ఓ అమ్మాయిని నేను ఇష్టపడ్డాను, ఆ అమ్మాయీ ఇష్టపడింది, వాళ్ల నాన్నగారి దగ్గరికి వెళ్లి మాట్లాడాల్సిన పని మా మావయ్య మీద పడింది. ఆయన చెరుకుపల్లిలో రిటైరైన తెలుగు మాస్టారు. ఆర్నెల్లు బతిమాలితే ఒప్పుకున్నాడు. కార్లో దింపుతానంటే, "పెళ్లి మాటలకి పెళ్లికొడుకే డ్రైవరుగా వస్తే బాగుండదురా, నేను బస్సులో వెళ్తాను, నువ్వు ఇంట్లో ఉండు" అన్నాడు. ఇంట్లో ఉంటే కాలు నిలవదు కదా. కొత్త ప్యాడ్లని చక్రానికి అలవాటు చేసి దారికి తెచ్చే పని ఎలాగూ ఉంది, అదేదో రేపల్లె రోడ్డు మీదే చేస్తే కబురు కూడా తొందరగా తెలుస్తుందని బయల్దేరాను.

ఆ పనికి ఓ పద్ధతుంది. వేగంగా వెళ్లి, గట్టిగా బ్రేకు తొక్కి, నడక వేగానికి తగ్గించి, మళ్లీ వేగం అందుకోవాలి. పదిసార్లు. మధ్యలో ఒక్కసారి కూడా పూర్తిగా ఆపకూడదు, ఆపితే ప్యాడ్లు పాడైపోతాయని డబ్బాలో వచ్చిన కాగితంలో రాశారు. కానీ మా వైపు కారు నెమ్మదించిందంటే ఎక్కమని పిలిచినట్టే. నేను తొక్కిన చోటల్లా ఎవరో ఒకరు సంచీ పట్టుకుని ఆశగా వచ్చేవాళ్లు, వాళ్ల చెయ్యి తలుపు మీద పడేలోగా నేను వెళ్లిపోయేవాణ్ణి. ఓ ఆవిడ వెనక నుంచి ఏదో అంది. అద్దాలు మూసి ఉన్నాయి కాబట్టి బతికిపోయాను.

తొమ్మిదోసారి తొక్కింది చెరుకుపల్లి పొలిమేరలో. అక్కడ తెల్ల పంచెలో మా మావయ్య. కిక్కిరిసిన బస్సు అప్పుడే వచ్చి ఆగింది. నా కారు చూడగానే ఆయన బస్సు మెట్టు మీద పెట్టిన కాలు తీసేసి, నవ్వుతూ నా వైపు వచ్చాడు. నేను అద్దం దించాను. "మంచిపని చేశావు అల్లుడూ" అంటూ తలుపు పట్టుకోబోయాడు.

"ఇప్పుడు ఆగకూడదు మావయ్యా" అని అరిచి వెళ్లిపోయాను. (అవును, అంతపనీ చేశాను. ఏం చేయను, ఇంకొక్కసారే మిగిలింది.)

పదోది ముగించి తిరిగొచ్చేసరికి బస్సు లేదు. మావయ్య టీ కొట్టు బల్ల మీద కూర్చుని నాకు వీపు చూపించాడు. "మేనమామని రోడ్డు మీద వదిలేసే వాడికి పిల్లనిమ్మని ఏ మొహం పెట్టుకుని అడగనురా?" అన్నాడు. కాళ్లు పట్టుకున్నంత పనిచేశాను. అరగంట, రెండు టీలు అయ్యాక వచ్చి కార్లో కూర్చున్నాడు.

ఆ అరగంటలో ప్యాడ్లు చల్లారిపోయాయి. ఆ సంగతి నాకు రేపల్లెలో వాళ్ల వీధిలోకి తిరిగాక తెలిసింది. గేటు బయట ప్లాస్టిక్ కుర్చీలో ఆ అమ్మాయి వాళ్ల నాన్నగారు పేపరు చదువుకుంటున్నారు. బ్రేకు తొక్కాను. కారు కీచుమంది గానీ ఆగలేదు. రెండు కాళ్లతో తొక్కాను. మావయ్య దండకం అందుకున్నాడు. కుర్చీకి జానెడు దూరంలో కారు నిలబడింది. ఆయన పేపరు మడిచి, "రండి మాస్టారూ" అన్నారు. ఇక సంబంధం పోయిందనే అనుకున్నాను.

ఆయన ఇరవయ్యేళ్లు ధాన్యం లారీ నడిపిన మనిషి. చక్రం పక్కన గొంతుక్కూర్చుని సందులోంచి చూశారు. "ఇవి చల్లగా ఉంటే పట్టవని తెలిసే వేశావా అబ్బాయ్?"

మావయ్య నాకు సైగ చేస్తున్నాడు. అయినా నోటికి అబద్ధం రాలేదు. "తెలుసండి."

"మరెందుకు వేశావు?"

"రేసు కార్లకి వేస్తారని చదివానండి."

లోపల కర్టెన్ వెనక ఎవరో నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. "నా కూతురు ఎక్కే బండి ఇది. మామూలువి వేయించుకుని వచ్చే ఆదివారం రా. నేను కూర్చుని చూస్తాను. ఆగితే మాట్లాడుకుందాం" అన్నారు.

వారం తిరిగేలోపు బాబాయి మామూలువి వేశాడు. ఒక్క మాట దెప్పలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. ఆదివారం ఆ అమ్మాయి వాళ్ల నాన్నగారు నా పక్కన కూర్చుని, ఉన్నట్టుండి "ఆపు" అనేవారు. ఆగింది. మళ్లీ "ఆపు" అన్నారు. ఆగింది. మూడోసారి బజార్లో "ఆపు" అని దిగి వెళ్లిపోయారు. ఏం తప్పు జరిగిందా అని స్టీరింగు పట్టుకుని బిక్కచచ్చి కూర్చున్నాను. ఆయన స్వీట్ల డబ్బాతో వచ్చి నా ఒళ్లో పెట్టి, "మీ అమ్మగారికి ఇవ్వు" అన్నారు. నాకు కళ్లమ్మట నీళ్లొచ్చేశాయి. ఆయన చూడనట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

ఇప్పుడు మాకున్నది పిల్లలూ లగేజీ పట్టే పెద్ద కారు. దానికి ఏ ప్యాడ్లు వేశారో కూడా నాకు తెలీదు. మా ఆవిడ మాత్రం అప్పటి నన్ను, ఆ కుర్రాణ్ణి, కర్టెన్ వెనక నుంచి చూసి నవ్వింది తనేనని ఇప్పటికీ ఒప్పుకోదు. నాకూ వాణ్ణి తలుచుకుంటే నవ్వే వస్తుంది, కాస్త అసూయగా కూడా ఉంటుంది. ఓ చిన్న వస్తువు కోసం మూడు వారాలు అంత పిచ్చిగా ఆలోచించే తీరిక నాకు మళ్లీ దొరకలేదు.