వెంకాయమ్మత్త వేళ్ళు, రెడ్డిగూడెం వాన

రెడ్డిగూడెంలో మా పక్కింటి వెంకాయమ్మత్తకి పదేళ్ళుగా రుమటాయిడ్ కీళ్ళవాతం. మబ్బు పట్టే ముందు ఆవిడ వేళ్ళు వాచి బిగుసుకుపోతాయి. అందరికీ అలా జరగదట. ఆవిడకి జరుగుతుంది. మా ఊళ్ళో మామిడి తోటలవాళ్ళు మాత్రం దాన్ని తమ అదృష్టం అనుకున్నారు.

ఏప్రిల్ వచ్చిందంటే పొద్దున్నే గేటు దగ్గర క్యూ. "అత్తా, వేళ్ళెలా ఉన్నాయి?" "పీకేస్తున్నాయిరా" అంటే అయ్యో పాపం అనేవాడు ఒక్కడు లేడు. చిక్కం కట్టిన గడలు భుజాన వేసుకుని, గాలివాన రాకముందే కాయ దించడానికి పరుగే పరుగు. "బాగున్నాయి" అంటే, ఇంకో నాలుగు రోజులు చెట్టునే ఉండనిద్దామని కులాసాగా కాఫీ తాగి పోయేవాళ్ళు. ఆ గ్లాసులు కడిగేది కూడా ఆ వేళ్ళే.

ఆవిడ మొగుడు యలమంద మామయ్య ఇంకా ఘనుడు. భార్య మూలిగితే చాలు, వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు: "కుడిచెయ్యి ఎక్కువగా ఉంది. సాయంత్రానికి వాన." న్యాయంగా చెప్పాలంటే, ఆవిడకి జడ వేసేదీ ఆయనే. గేదెకి పలుపు పేనినట్టు వేసేవాడు. ఆ జడతో పెళ్ళిళ్ళకి వెళ్ళలేక అత్త ఏడ్చిన రోజులున్నాయి.

నిరుడు చలికాలంలో విస్సన్నపేట డాక్టరమ్మ వారానికొక్కసారి వేసుకునే మాత్ర రాసింది. మార్చికల్లా అత్త తన జడ తానే వేసుకుని, మా ఇంటికొచ్చి వెనక్కి తిరిగి చూపించింది. సంతోషంతో ఇద్దరం ఏడ్చేశాం.

ఏప్రిల్‌లో ఒకరోజు "వేళ్ళు భేషుగ్గా ఉన్నాయి" అంది. ఆ సాయంత్రమే గాలిదుమారం. మామయ్య తోటలో చిన్నరసాలు సగం నేలపాలు. ఊరంతా ఆ మాత్రని తిట్టిపోసింది. మామయ్య గొంతు తగ్గించి, "కోత అయ్యేదాకా ఆ మాత్ర ఆపెయ్యకూడదుటే? ఎంత, నెలేగా!" అన్నాడు.

నేనైతే కాయలు దించే ఆ గడతోనే జవాబు చెప్పేదాన్ని. అత్త ఆపేసింది. గేటు దగ్గరికి ఎవరూ రావడం లేదని తనకీ బెంగగానే ఉందని తర్వాత నాతో ఒప్పుకుంది.

మూడు వారాలకి వేళ్ళు మళ్ళీ వాచాయి. ఈసారి రోజూ వాచాయి. ఎండనీ లేదు, మబ్బనీ లేదు. మామయ్య గ్రూపులో రోజూ వానే. జనం హడావుడిగా లేత కాయలే సగానికి పైగా దించేశారు. ఒక్క చినుకు పడలేదు. వారం రోజులు ఏ ఇంట్లో చూసినా మామిడికాయ పప్పు, మామిడికాయ పచ్చడి, మామిడికాయ పులిహోర.

అత్త చెంబు కూడా ఎత్తలేకపోయేసరికి డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తారు. "వాతావరణం మారితే కొందరికి నొప్పి పెరగొచ్చండీ. మందు ఆపితే మాత్రం జబ్బే పెరుగుతుంది, కీళ్ళు పాడైపోతాయి. ఎవరు ఆపమన్నారు?" అని ఆవిడ గట్టిగా అడిగింది. అత్త మామయ్య వంక చూసింది. మామయ్య ఫ్యాను వంక చూశాడు.

"వాన కబురు కావాలంటే ఫోన్లో చూసుకోండి" అంది డాక్టరమ్మ.

మాత్ర మళ్ళీ మొదలైంది. "ఇకనుంచి మా ఇంట్లో వాన కబుర్లు చెప్పబడవు" అని మామయ్య గ్రూపులో పెట్టాడు.

చివరి కాయ కూడా లారీ ఎక్కిన మర్నాడు, ఆకాశంలో మబ్బు తునక లేదు. అత్త అరుగు మీద కూర్చుంది. మామయ్య దువ్వెన తెచ్చుకుని వెనక చేరి, "వేళ్ళెలా ఉన్నాయే?" అన్నాడు.

అత్త అలవాటుగా ఆకాశం వంక చూసింది. "కోత అయిపోయిందిగా, ఇప్పుడెందుకయ్యా?"

"ఊరికే. నొప్పిగా ఉందేమోనని."

పదేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. అత్త ముడి విప్పి, జుట్టు వెనక్కి వదిలింది.

"ఉందయ్యా" అంది. "జడ కాస్త వదులుగా వెయ్యి."