ట్యాంకు కింద దాచిన మీట

మొన్న గండిపేట నుంచి వచ్చిన మా మనవరాలు స్కూటీ మీద కూర్చుని బొటనవేలితో ఒక గుండీ నొక్కింది, బండి కదిలిపోయింది. చూస్తున్న నాకు కుడిచెయ్యి జివ్వుమంది. హ్యాండిల్ తిప్పి కార్లు స్టార్టు చేసిన కాలం ఎరిగిన నా ఈడువాళ్లకు ఆ భయమేమిటో తెలిసే ఉంటుంది.

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. చేవెళ్ల దగ్గర మా ఊరి దొరకు, పెట్రోలు చాలక మూలపడ్డ తన చిన్న కారు ఇంజనును మోటారుసైకిలుకు బిగించి, దొరికిన కాస్త పెట్రోలుతోనే మొయినాబాదు దాకా అందరూ నోరు తెరిచి చూసేలా ఊరేగాలని బుద్ధి పుట్టింది. కమ్మరివాణ్ణి కనుక నన్ను కోటలాంటి తన గడీకి వెట్టికి పిలిపించి, బండి నడిచిన రోజున వదిలేస్తానన్నాడు. హైదరాబాదు రైలు కార్ఖానాలో మా బావ నాకొక పని మాట్లాడి ఉంచాడు, వాళ్లు దసరా దాకా ఆగుతామన్నారు. ఆ ఆశతోనే చట్రం కోసి, సాగదీసి, అతికి, వేసవంతా కొలిమి ముందు మాడిపోయాను.

ఆ ఇంజనుతో ఒక చిక్కుంది. స్టార్టు చేయడానికి ఇంజనులో దూర్చే ఇనప హ్యాండిల్ తిప్పేముందు చిన్న మీటను వెనక్కి లాగాలి, లేదంటే హ్యాండిల్ ఎదురుతిరిగి చెయ్యి విరగ్గొడుతుంది. ఏ పనిలోనైనా ఒక కిటుకు మన దగ్గరే ఉంచుకోవాలని మా ఇళ్లలో పెద్దలు నేర్పేవారు. నా గర్వం మండిపోను, నేనూ ఆ మీటను ట్యాంకు కింద కనపడకుండా బిగించి ఎవరికీ చెప్పలేదు.

దసరాకు వారం ముందు బండి నడిచింది, దొర నన్ను వదిలేశాడు. నేను ఇంటి దగ్గర మూట కట్టుకుంటుండగా, గడీ డ్రైవరు తనంతట తాను హ్యాండిల్ తిప్పి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. పరుగున పోయి మీట సంగతి అందరికీ చూపించాను కానీ, ఆ చెయ్యి చూశాక ఆ బండిని ముట్టుకునే మనిషే లేకపోయాడు.

"నువ్వు పోతే దీన్ని ఎవడు తిప్పుతడు? బండి ఉన్నన్ని దినాలు ఈడనే ఉండు" అన్నాడు దొర.

నన్ను కన్న అవ్వ మాత్రం తిట్టలేదు. "నీ తాళం నువ్వే ఏసుకున్నవ్ కొడుకా" అని, కట్టిన మూట విప్పేసింది.

దొర గడీ వదిలి వెళ్లిపోయేదాకా అయిదేళ్లు, రోజూ పొద్దున్నే వెళ్లి ఆ హ్యాండిల్ తిప్పాను. దారిలో డ్రైవరు ఇల్లు వచ్చేది, తల వంచుకుని దాటేవాణ్ణి. కార్ఖానాలో నా పని ఇంకెవరికో పోయింది.

ఇప్పుడు బండి తయారుచేసినవాడెవడో ఎవరికీ తెలియదు, ఎవరు గుండీ నొక్కినా అది నడుస్తుంది. మా కాలంలో అలాంటి పనిని తక్కువగా చూసేవాళ్లం. నేనూ అలాంటి బండే చేసి ఉంటే ఆ దసరాకు హైదరాబాదులో ఉండేవాణ్ణి.