బావి నోట గడ్డిచేమంతులు

పెనుకొండ పక్క పల్లెలో గంగులమ్మ మొగుడు అంజనప్పను ఆయన తవ్విన బావే మింగేసింది. ఒక కరువు ఏడాది నీళ్లకోసం దిగి తవ్వుతుంటే దరులు కూలాయి. తీసేకొద్దీ మట్టి జారుతుంటే పెద్దలు చేతులెత్తేసి, గుంతను అట్లాగే పూడ్చేశారు. గంగులమ్మ కూలికి పోయి కూతుర్ని సాకి, హిందూపురంలో ఒక ఇంటిదాన్ని చేసింది. ఈలోగా బావి ఉన్న చేను చేతులు మారింది. ఏటేటా శెనక్కాయకు దున్ని దున్ని బావి జాడే లేకుండా పోయింది. పెద్దల అమావాస్యకు ఆమె చేని గట్టున నిలబడి, ఏ దిక్కుకు మొక్కాలో తెలియక నాలుగు దిక్కులా మొక్కి వచ్చేది.

మొన్నటి కరువుకు ఆ చేను బీడు పడింది. సోలార్ పలకలు పెట్టడానికి చదును చేయాలనుకుంటుండగా ఒక చిన్న జల్లు పడింది.

కొన్ని వారాలకు మేకలు తోలుకొచ్చిన గంగులమ్మ చేని మధ్య ఆగిపోయింది. చుట్టూ గడ్డిపోచ లేని ఎర్రనేల. నడుమ మాత్రం గీత గీసినట్టు గుండ్రంగా గడ్డిచేమంతులు. మరో వాన మీద నమ్మకం లేనట్టు బెత్తెడైనా ఎదగకుండానే పూసేశాయి. నూగు ఆకులు చేతికి గరుకుగా తగిలాయి. ఒక మొక్కను లాగితే రాలేదు. వేరును లోపలి నుంచి ఎవరో పట్టుకున్నట్టుంది. మేకలు పూల దాకా వచ్చి, ముట్టెలు చాపి, వెనక్కి తగ్గాయి. గాలి లేదు. పూలు కదులుతున్నాయి.

చదును చేసే ట్రాక్టరు డ్రైవరు డేవిడ్ దగ్గరికొచ్చాడు.

"ఏమవ్వా, ఎండలో ఈడ కూర్చున్నావు?"

"ఈడ దున్నొద్దప్పా. కింద మా ఇంటాయన ఉండాడు."

"పూలు చూసి చెప్తాండావా?"

"చుట్టూ రాయిలాంటి నేల. పూడ్చిన మట్టి గుల్లగా ఉంటాది, పడిన చినుకు ఆడనే దిగుతాది. ఈటి గింజలు ఆ తడి కోసరమే కాసుకోనుంటాయి."

డేవిడ్ నవ్వలేదు. అవతలి కొస నుంచి మొదలుపెట్టాడు. ట్రాక్టరు ఇంకా పూల దాకా రాకముందే, ఆ అదురుకే కాబోలు, గుండ్రమంతా చప్పుడు లేకుండా మోకాటి లోతు కుంగింది. ఒక్క పువ్వూ ఒరగలేదు. లోపలి నుంచి తడిమట్టి వాసన చల్లగా వచ్చింది.

డేవిడ్ ఇంజను ఆపేశాడు. "తవ్వి బయటికి తీపిద్దామా అవ్వా?"

"వద్దు. ఆయప్ప ఇంకా తవ్వుతానే ఉండాడు. నీళ్లు పడినట్టుండాయి, వాసన చూడు."

ఇప్పుడు ఆ చేనంతా పలకలే. కుంగే నేలలో కంబాలు నిలవవని ఆ గుండ్రాన్ని మాత్రం వదిలేశారు. గంగులమ్మ మధ్యాహ్నాలు అక్కడ నేలకు చెవి ఆనించి కాసేపు పడుకుంటుంది. డేవిడ్ కూడా ఒకసారి చెవి ఆనించాడు. మళ్లీ ఆ చేని దారిన పోలేదు.