రెండు వందల ఏడులో మా టీచరు

1998 నవంబరు. పోర్ట్ బ్లెయిర్‌లో వానలు ఆగినట్టే ఆగి మళ్ళీ పడుతున్న రోజులు. కొండవాలు మీద, సముద్రం కనిపించే ఒక మూడంతస్తుల హోటల్లో రెండో అంతస్తుకి నేను ఫ్లోర్ సూపర్‌వైజర్‌ని. పద్నాలుగు గదులు, ఇద్దరు రూమ్ అటెండెంట్లు, దుప్పట్లూ తువ్వాళ్ళూ పెట్టుకునే లినెన్ గది, వీటన్నిటికీ జవాబు నేనే చెప్పాలి. అప్పటికే ఆ పనిలో పదకొండేళ్ళు గడిచాయి. తడి ఆరని దుప్పట్ల వాసన ఇంటికొచ్చి స్నానం చేసినా ఒంటిమీద నుంచి పోయేది కాదు.

హోటల్లో దిగేవాళ్ళకి మా పని పక్క సర్దడం, బాత్‌రూమ్ కడగడం వరకే కనిపిస్తుంది. మాకు దానికన్నా ముందు నేర్పేది గదిలోకి ఎలా వెళ్ళాలన్నది. తాళంచెవితో తలుపు కొట్టకూడదు, వేలి కణుపులతో మూడుసార్లు తట్టాలి. "హౌస్‌కీపింగ్" అని చెప్పి ఆగాలి. జవాబు రాకపోతే మళ్ళీ తట్టాలి. అప్పటికీ రాకపోతే తలుపు జానెడు మాత్రం తీసి ఇంకోసారి పిలవాలి. తెరిచి ఉన్న సూట్‌కేసు జోలికి పోకూడదు. చెత్తబుట్టలో లేనిది చిత్తు కాగితమైనా సరే చెత్త కాదు. తలుపుకి డీఎన్‌డీ కార్డు, అంటే "డిస్టర్బ్ చేయవద్దు" అన్న అట్టముక్క వేలాడుతుంటే మధ్యాహ్నం రెండు దాకా ఎవరూ తట్టకూడదు. రెండు దాటాక రిసెప్షన్ వాళ్ళే ఫోన్ చేసి కనుక్కుంటారు.

ఇవన్నీ పది రోజుల్లో అలవాటవుతాయి. ఏ గదిలో ఎవరున్నారో బయట చెప్పకూడదన్న నియమం మాత్రం మా ఊళ్ళో చాలా కష్టం. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రోడ్ల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను పుట్టింది, పెరిగింది, పెళ్ళయి కాపురమున్నది అంతా లంబాలైన్ అనే పేట‌లోనే. అక్కడ ఒకరింట్లో చేపల పులుసు పొయ్యి మీదికెక్కితే నాలుగిళ్ళకి తెలుస్తుంది. మా మేనేజరు బెంగాలీ ఆయన. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ హిందీలో ఒకే మాట చెప్పేవాడు: ఆ గది మాట ఆ గదిలోనే వదిలి రావాలి.

ఆ బుధవారం పొద్దున్న అటెండెంట్ సునీత చీపురు పట్టుకుని లినెన్ గదిలోకి వచ్చింది.

"దీదీ, రెండు వందల ఏడులో ఆవిడ లోకల్ అనిపిస్తుంది. అకేలీ, ఒక్కతే వచ్చింది. రిజిస్టర్‌లో వైజాగ్ అడ్రసు రాసిందట. ఏదో గడ్‌బడ్ ఉంది."

"గడ్‌బడ్ ఉంటే నీకేంటి? తువ్వాళ్ళు మడతపెట్టు" అన్నాను. అన్నానే గాని నాకూ అనుమానం వచ్చింది. ఊళ్ళో ఇల్లుండి హోటల్లో గది తీసుకునే మనిషి గురించి మంచిగా అనుకోవడం ఎవరికీ చేతకాదు. అందుకే సునీతని పంపకుండా నేనే వెళ్ళి తట్టాను.

తలుపు తీసింది కామేశ్వరి టీచరు.

నాకు మూడో తరగతిలో చదువు చెప్పిన మనిషి. మా వెనక వీధిలోనే ఇల్లు. భర్త హార్బర్‌లో పనిచేసి రిటైరయ్యారు, పక్షవాతం వచ్చి నాలుగేళ్ళుగా మంచంలోనే ఉన్నారు. కొడుకు, కోడలు పద్మ, ఇద్దరు చిన్న పిల్లలు అందరూ ఒకే ఇంట్లో. క్రితం ఆదివారం రేషన్ షాపు దగ్గర కనిపించి, టీచర్ల ట్రైనింగ్ ఉంది, మంగళవారం షిప్పుకి అవతలి దీవిలోని హట్ బే వెళ్తున్నాను అని నాతోనే చెప్పింది.

నన్ను చూడగానే గుర్తుపట్టింది. ఆమె మొహంలో రక్తం లేదు.

"గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నాను. "గది ఇప్పుడు శుభ్రం చేయమంటారా, తర్వాత రమ్మంటారా?"

ఆ మాట నా నోటికి ఎలా వచ్చిందో తెలియదు. పదకొండేళ్ళ అలవాటు అంతే. టీచరు నా వైపు చూసి, పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది.

మేం ఎవరి వస్తువులూ చూడం. కానీ పక్క సర్దేటప్పుడు పక్క కనిపిస్తుంది. ఆ డబుల్ బెడ్ మీద దుప్పటి ఒక అంచున, మూరెడు వెడల్పు మాత్రమే నలిగి ఉంది. మిగతాదంతా ముందురోజు మేం పరిచినట్టే ఉంది. రెండో దిండు మీద ముడత లేదు. నేను ఆ అంచు సరిచేస్తుంటే వెనక నుంచి ఆవిడ అంది:

"అటు జరగడం మర్చిపోయానే. ఆయన పిలిస్తే గబుక్కున లేవడానికి ఇంట్లో ఓ పక్కకే పడుకుంటాను."

నేను ఏమీ అడగలేదు. అడగకూడదు కూడా. ఆవిడే కుర్చీలో కూర్చుని చెప్పింది.

"రాత్రికి నాలుగైదు సార్లు లేవాలి సత్యా. ఆయన్ని పక్కకి తిప్పకపోతే పుళ్ళు పడతాయి. పొద్దున్నే స్కూలు. మొన్న క్లాసులో నిలబడే నిద్రపోయాను, పిల్లలు నవ్వేదాకా తెలీలేదు. ట్రైనింగూ లేదు, ఏమీ లేదు. పడుకుందామని వచ్చాను."

"పద్మ ఉంది కదా టీచర్?"

"ఉంది, మంచిపిల్ల. కానీ, అమ్మాయ్, నేను నిద్రపోడానికి వెళ్తున్నాను, మూడు రోజులు మీ మామయ్యని చూసుకో అంటే వినడానికి ఎలా ఉంటుంది చెప్పు. ట్రైనింగ్ అంటే గవర్నమెంటు పంపినట్టు."

తువ్వాళ్ళు మార్చి బయటికి వచ్చేస్తుంటే గుమ్మంలో ఆపింది. "ఎవరికీ చెప్పకు."

"చెప్పం మేడమ్" అన్నాను. ఆ 'చెప్పం'లో హోటల్ మొత్తం ఉందని ఆవిడకి అర్థమయ్యే ఉంటుంది.

సునీతకి, ఆవిడ ఎవరో బంధువుల పెళ్ళికొచ్చిందట అని ఒక అబద్ధం చెప్పాను. గురువారం మధ్యాహ్నం దాకా తలుపుకి కార్డు ఉంది. రెండున్నరకి గది చూసే వంతు వస్తే నేనే వెళ్ళాను. దుప్పటి మంచమంతా నలిగి, ఒక కొస నేల మీదికి జారి ఉంది. రెండు దిండ్లూ అటొకటి ఇటొకటి పడి ఉన్నాయి. టీచరు బాల్కనీలో తల ఆరబెట్టుకుంటోంది. ఆ రోజు ఆ పక్క సర్దుతుంటే మాత్రం నాకు నడుం నొప్పి తెలియలేదు.

శుక్రవారం పొద్దున్న ఆరుకి డ్యూటీకి బయల్దేరబోతుంటే పద్మ పరుగున వచ్చింది. జుట్టు కూడా ముడేసుకోలేదు.

"సత్యక్కా, మామయ్యకి ఊపిరాడట్లేదు. మా ఆయన ఆంబులెన్సులో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఏటి చెయ్యాలో తెలీట్లేదు. అత్తయ్య చూస్తే హట్ బేలో ఉండిపోయారు. పక్కింటోళ్ళ ఫోన్ నుంచి అక్కడి స్కూలుకి చేస్తే కలవనే కలవట్లేదు. మీ హోటల్లో మంచి ఫోన్ ఉంది కదా, మేనేజర్ సాబ్‌కి చెప్పి చేయించవా?"

నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. "మీ అత్తయ్య ఇక్కడే ఉంది" అంటే చాలు. పద్మ నాకు చెల్లెలి లాంటిది, దాని పెద్దపిల్ల నా చేతుల్లోనే నడక నేర్చుకుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అది నేను చెప్పాల్సిన మాట కాదనిపించింది. ఆవిడ ఎక్కడుందో, ఎందుకుందో చెప్పాల్సింది ఆవిడే.

"చేయిస్తాను. కబురు అందేలా చూస్తాను. నువ్వు ఆస్పత్రికి వెళ్ళు" అన్నాను.

బస్సు కోసం ఆగకుండా ఆటో ఎక్కాను. దారంతా వాన. దారిలోనే నా ధైర్యం సగం పోయింది. ముసలాయన ఈలోగా పోతే? పద్మకి చెప్పి ఉంటే అత్తాకోడళ్ళిద్దరూ కలిసి ఒకే ఆటోలో ఆస్పత్రికి వెళ్ళేవాళ్ళు కదా అనుకున్నాను. వెనక్కి తిప్పమని డ్రైవర్‌తో అందామనుకుని కూడా అనలేదు.

రెండు వందల ఏడు తలుపుకి కార్డు వేలాడుతోంది. పదకొండేళ్ళలో కార్డున్న తలుపుని నేను ఎప్పుడూ తట్టలేదు. మూడుసార్లు తట్టాను. "హౌస్‌కీపింగ్" అనాలి, కానీ "టీచర్, నేను సత్యని" అన్నాను.

నిద్రమొహంతో తలుపు తీసింది. లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ మంచం మీద కూర్చుండిపోయింది.

"పద్మకి తెలుసా, నేనిక్కడున్నట్టు?"

"లేదు. ఎవరికీ తెలీదు."

నేలవైపు చూస్తూ మెల్లగా అంది, "హట్ బే షిప్పు రేపు గాని రాదు కదా సత్యా."

అది ఆలోచన కాదు. నిద్రలోంచి పూర్తిగా తేరుకోని మనిషి తను అల్లుకున్న అబద్ధంలో తనే చిక్కుకుని అన్న మాట. ఇప్పుడు వెళ్తే ఎలా వచ్చావంటారు. రేపు వెళ్తే ఆయన ఉంటారో ఉండరో.

"నేనేం చెయ్యాలే?" అని అడిగింది. నాకు ఒత్తులు దిద్దించిన మనిషి నన్నడుగుతోంది.

గెస్టులకి సలహాలు చెప్పకూడదు. అదీ మా పాఠాల్లో ఒకటి.

"మీరు చీర మార్చుకోండి టీచర్" అన్నాను. "కింద ఆటో ఆపి ఉంచాను."

"పద్మ అడిగితే?"

"ఏం చెప్తారో మీ ఇష్టం. నా నోట మాత్రం ఒక్క మాట రాదు."

అయిదు నిమిషాల్లో బయల్దేరింది. బట్టలు సర్దుకోలేదు. అవన్నీ తర్వాత నేనే మడతపెట్టి సంచిలో పెట్టాను, ఏదీ విప్పి చూడకుండా.

ఫ్లోర్ లాగ్ బుక్ అని ఒకటి ఉంటుంది. రోజూ జరిగిన విశేషాలు అందులో రాయాలి. ఆ రోజు రాశాను: "207. డీఎన్‌డీ ఉండగా నేనే తట్టాను. కారణం గెస్టు సొంత విషయం." సాయంత్రం మేనేజరు అది చదివి కళ్ళజోడు మీదుగా నన్ను చూశాడు.

"సొంత విషయం అంటే?"

"గెస్టుది సార్."

సంతకం పెట్టి ఇచ్చేశాడు.

ఆస్పత్రిలో జరిగింది తర్వాత టీచరే చెప్పింది. ఎనిమిదింటికి వరండాలోకి వెళ్ళేసరికి పద్మ ముందు కావలించుకుని ఏడ్చిందట. తర్వాత, "షిప్పు లేదు కదా అత్తయ్యా, ఎలా వచ్చారు?" అని అడిగిందట. కొడుకు ఎదుటే టీచరు ఉన్నమాట చెప్పేసింది. "హట్ బే వెళ్ళలేదమ్మా. ఇక్కడే హోటల్లో పడుకున్నాను." కొడుకు గట్టిగా ఏదో అనబోయి ఆమె మొహం చూసి ఊరుకున్నాడట. టీచరు భర్తకి ఆక్సిజన్ పెట్టారు. వారానికి తేరుకుని ఇంటికొచ్చారు. మరుసటి వానాకాలం దాకా ఉన్నారు. ఆ మధ్యకాలంలో శని, ఆదివారాల రాత్రులు కొడుకు తండ్రి పక్కన పడుకునేవాడు. టీచరు మళ్ళీ మా హోటల్‌కి రాలేదు.

నా పేరు ఆవిడ చెప్పలేదు. కానీ ఏ హోటలో తెలిశాక పద్మకి లెక్క తేలడానికి ఎంతసేపు? మామగారు ఇంటికొచ్చిన మర్నాడు కొళాయి దగ్గర నన్ను పట్టుకుంది.

"ఆ రెండు గంటలూ నేనేటనుకున్నానో తెలుసా? మామయ్య పోతే అత్తయ్యకి ఆఖరి చూపు కూడా దక్కదు, ఆ సముద్రం అవతలికి ఎలా కబురంపాలిరా దేవుడా అని. నీకు తెలుసు. నా మొహం చూసి కూడా చెప్పలేదు."

నేను బిందె పట్టుకుని నిలబడ్డాను. సమాధానం చెప్పాలంటే టీచరు గదిలో నాతో అన్న మాటలన్నీ బయటపెట్టాలి. ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం దానికి పొగరులా కనిపించింది. దాదాపు ఏడాది నాతో మాట్లాడలేదు. దాని పిల్లలు కూడా మా ఇంటివైపు రావడం మానేశారు. అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

మామగారు పోయిన కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం పద్మే వచ్చింది. అప్పటికి దానికి అంగన్‌వాడీలో పని దొరికింది. ఇల్లు, పిల్లలు, పని, అన్నీ మొహంలో కనిపిస్తున్నాయి. టీ ఇస్తే తాగి, గ్లాసు కింద పెట్టింది.

"ఆ రోజు నేను కాళ్ళు పట్టుకుని అడిగినా చెప్పేదానివి కాదు కదా?"

"లేదు" అన్నాను.

తల ఊపింది. "ఎప్పుడైనా నేనొచ్చి మీ హోటల్లో పడుకున్నా ఎవరికీ చెప్పవు కదా?" అంది.

"చెప్పను."

నవ్వలేదు. లేచి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి దాని చిన్నపిల్ల మళ్ళీ మా ఇంటికి రావడం మొదలుపెట్టింది.

నేను రిటైరై కొన్నేళ్ళయింది. చివరి ఏళ్ళలో కొత్తగా చేరినవాళ్ళకి పని నేర్పే బాధ్యత నాకే ఇచ్చారు. గదిలో ఉన్న మనిషి సంగతి బయటికి రాకూడదని, కానీ బయటి కబురు ఆ మనిషికి అందకపోతే నష్టం అనుకున్నప్పుడు కార్డున్నా సరే తట్టాలని, తట్టినందుకు జవాబు మనమే చెప్పుకోవాలని వాళ్ళకి చెప్పేదాన్ని. అంతవరకు నాకు తడబాటు లేదు. ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవారు, మరి బయట ఎదురుచూసే వాళ్ళ సంగతేంటి దీదీ అని. ఆస్పత్రి వరండాలో పద్మ గడిపిన ఆ రెండు గంటలు గుర్తొచ్చేవి. వాళ్ళ ఎదురుచూపు మనం తప్పించలేమని, వీలైనంత త్వరగా వెళ్ళి తట్టడం ఒక్కటే మన చేతిలో ఉందని చెప్పేదాన్ని.